అద్దె ఇంట్లో కుక్క: కాదనే ముందు వినాలి

కర్నూలు జిల్లాకు చెందిన ఒక పెద్దాయన మమ్మల్ని ఒక మాట అడిగారు. ఆయన కుమారుడు అమెరికాలో, షికాగో నగర శివారులో స్థిరపడ్డాడు. ఉండే ఇల్లు కాక మరో ఇల్లు కొని, ఏజెంటు ద్వారా కిరాయికి ఇచ్చాడు. పెంపుడు జంతువులు వద్దని ఒప్పందంలో స్పష్టంగా రాసుకున్నారు. ఏడాది తిరక్కముందే, అందులో దిగిన మహిళ ఒక ఉత్తరం పంపింది. తనకు మానసిక వ్యాధి ఉందని, వైద్యం చేస్తున్న నిపుణురాలి సలహాపై ఒక కుక్కను దగ్గర ఉంచుకోవలసి వస్తోందని, అనుమతించాలని అందులో ఉంది. "కుక్క నజిస్ కదా భాయ్! రేపు ఆ ఇంట్లోకి మావాడే వెళ్ళాల్సి వస్తే నమాజు మాటేమిటి? ఇల్లు మాది, షరతు మాది. కాదంటే తప్పేముంది?" అన్నది పెద్దాయన ప్రశ్న.

ఇది ఆయన ఒక్కరి ప్రశ్న కాదు. ఒకప్పుడు రెండు సూట్‌కేసులతో వెళ్ళి, నలుగురు కలిసి ఒక గదిలో కిరాయికి ఉన్న మన పిల్లలు ఇవాళ అక్కడ ఇళ్ళ యజమానులయ్యారు. ఇల్లు కొనేటప్పుడు వడ్డీ గురించి, అప్పు గురించి పండితులను అడిగినవాళ్ళు ఉన్నారు. కిరాయిదారు హక్కు గురించి అడిగినవాళ్ళు తక్కువ. పెద్దాయనకు మేము ఇచ్చిన జవాబు క్లుప్తంగా ఇది: కాదనడానికి అక్కడి చట్టం ఒప్పుకోదు, కాదనమని మన ధర్మమూ అడగదు. అయితే ఆయన అంతటితో తృప్తిపడలేదు. పడవలసిన అవసరమూ లేదు. అందుకే వివరంగా రాస్తున్నాం.

ముందు చట్టం సంగతి చూద్దాం. అమెరికాలో ఫెయిర్ హౌసింగ్ యాక్ట్ అనే చట్టం 1968 ఏప్రిల్‌లో వచ్చింది. మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగిన వారం రోజులకు దానిపై అధ్యక్షుడు సంతకం చేశాడు. అంతకు రెండేళ్ళ ముందు, 1966లో, కింగ్ షికాగో వీధుల్లో ఊరేగింపులు తీసినది ఈ ఇళ్ళ విషయంపైనే. నల్లవారికి ఇల్లు అమ్మం, అద్దెకు ఇవ్వం అనే తెల్లవారి పేటల్లో ఆయన నడిచాడు. జాతి, రంగు, జాతీయ మూలం, మతం కారణంగా ఇల్లు నిరాకరించరాదని ఆ చట్టం తొలినాడే చెప్పింది. వికలాంగులను 1988 సవరణతో ఇందులో చేర్చారు. చూపు లేనివారు, వినికిడి లేనివారు మాత్రమే కాదు, మనోవ్యాధితో దైనందిన జీవితం గణనీయంగా కుంటుపడినవారు కూడా ఈ రక్షణ కిందికి వస్తారు.

మతం అనే మాట ఆ జాబితాలో ఉన్నదని మన సోదరులు గమనించాలి. షికాగోలో డెవాన్ ఎవెన్యూ చుట్టుపక్కల మనవాళ్ళకు ఇల్లు దొరికిందంటే, పేరు చూసి తలుపు వేయడం అక్కడ చట్టరీత్యా నేరంతో సమానమైన తప్పు కావడం ఒక కారణం. మనకు తలుపు తెరిచిన చట్టమే ఆ మహిళ కుక్కకూ తలుపు తెరవమంటోంది. ఒక సెక్షను నీడలో కూర్చుని పక్క సెక్షనును కాదనడం న్యాయమా?

అక్కడి చట్టంలో రెండు రకాల జంతువులున్నాయి. ఒకటి, పనికోసం శిక్షణ పొందిన కుక్క. అంధుడికి దారి చూపేది, చెవిటివారికి తలుపు గంట మోగిందని చెప్పేది, మూర్ఛ వచ్చేవారి పక్కన ఉండి సాయపడేది. మొదటి ప్రపంచ యుద్ధంలో కళ్ళు పోగొట్టుకున్న సైనికుల కోసం 1916లో జర్మనీలోని ఓల్డెన్‌బర్గ్‌లో ఇలాంటి కుక్కలకు బడి పెట్టారు. అమెరికాలో 1929లో మొదలైంది. రెండోది, ప్రత్యేక శిక్షణ ఏమీ లేకపోయినా, దగ్గర ఉండటమే రోగికి ఊరటనిచ్చే జంతువు. కుక్క కావచ్చు, పిల్లి కావచ్చు. హోటళ్ళు, దుకాణాలు మొదటి రకాన్ని మాత్రమే రానివ్వాలి. నివసించే ఇంటి విషయంలో మాత్రం రెండింటికీ చోటుంది. ఎందుకంటే, హోటల్లో గంట సేపు కుక్క లేకుండా కూర్చోవచ్చు. ఇంట్లో రాత్రి రెండు గంటలప్పుడు గుండె దడదడలాడి లేచి కూర్చున్న మనిషికి ఆ సాయం అప్పుడే కావాలి.

ఇలాంటి జంతువు చట్టం దృష్టిలో పెంపుడు జంతువు కాదు. కాబట్టి ఒప్పందంలో రాసుకున్న 'పెంపుడు జంతువులు వద్దు' అనే షరతు దానికి వర్తించదు. అదనపు డిపాజిట్ అడగరాదు, నెలనెలా జంతువు రుసుం వసూలు చేయరాదు. కుక్క తివాచీని కొరికితే, తలుపు గీకితే, ఆ నష్టం కిరాయిదారు కట్టుకోవలసిందే. మనిషి చేసిన నష్టానికి ఎలా కడతాడో అలాగే.

యజమానికి అడిగే హక్కు లేదా? ఉంది. ఎంతవరకు అన్నదే తెలుసుకోవాలి. చేతికర్రతో, కుక్క పట్టీతో వచ్చిన అంధుడిని 'నీకు చూపు లేదని రుజువేమిటి' అని అడగరాదు. బయటికి కనబడని వ్యాధి అయితే, వైద్యుడి నుంచో, ఆ వ్యక్తి పరిస్థితి ఎరిగిన నిపుణుడి నుంచో నమ్మదగిన కాగితం అడగవచ్చు. వైకల్యం ఉన్నదా, ఈ జంతువు దానికి అవసరమా అనే రెండు ముక్కలు ఆ కాగితంలో ఉంటే చాలు. వ్యాధి పేరేమిటి, ఏ మందులు వాడుతున్నావు, ఆసుపత్రి కాగితాలు చూపించు అనడం హద్దు దాటడమే. ఇతరుల గుట్టు తవ్వి తీయవద్దని ఖురాన్ హుజురాత్ సూరాలో ఆదేశించిన సంగతి మన పాఠకులకు కొత్త కాదు. ఈ ఒక్క చోట అమెరికా చట్టం, మన షరియత్ ఒకే మాట మీద ఉన్నాయని మాకు అనిపించింది.

అక్కడి గృహ నిర్మాణ శాఖ 2020 జనవరిలో ఈ విషయాలన్నీ వివరిస్తూ ఒక మార్గదర్శక పత్రం విడుదల చేసింది. పది రోజుల లోపు జవాబు చెప్పడం మంచిదని, పాములు, కోతులు వంటి అరుదైన జంతువుల విషయంలో అవసరాన్ని నిరూపించే భారం కిరాయిదారుపై ఎక్కువగా ఉంటుందని అది చెప్పింది. 2025లో ఆ శాఖే ఆ పత్రాన్ని ఉపసంహరించుకుంది. ఇది విని 'ఇక ఏ బాధా లేదు' అనుకున్న యజమానులు కొందరున్నారు. పత్రం పోయింది గాని చట్టం పోలేదు, కోర్టు తీర్పులూ పోలేదు. నిరాకరణకు గురైనవారు ఏడాదిలోపు ఫిర్యాదు చేయవచ్చు, రెండేళ్ళలోపు దావా వేయవచ్చు.

చిన్న యజమానులకు మినహాయింపు ఉన్నమాట నిజమే. నాలుగు వాటాలకు మించని భవనంలో యజమాని కూడా ఒక వాటాలో కాపురముంటే ఈ చట్టంలోని చాలా భాగం అతనికి వర్తించదు. మూడు ఇళ్ళకు మించనివాడు ఏజెంటు లేకుండా తానే స్వయంగా ఇల్లు అద్దెకిచ్చినా అంతే. కొన్ని రాష్ట్రాల చట్టాలు ఈ మినహాయింపును ఇంకా కుదించాయి. పెద్దాయన కుమారుడు ఏజెంటు ద్వారా ఇచ్చాడు కనుక ఆ దారి ఆయనకు మూసుకుపోయింది. ఒకవేళ తెరిచి ఉన్నా ఆ దారిన పొమ్మని మేము చెప్పి ఉండేవాళ్ళం కాదు.

ఇక నజిస్ మాట. మన ఇళ్ళలో కుక్క అనగానే సంభాషణ ముగిసిపోతుంది. ముగియవలసింది కాదు. దైవప్రవక్త (స) వేట కోసం, పశువుల మంద కోసం, పొలం కోసం కుక్కను ఉంచుకోవడానికి అనుమతి ఇచ్చారు. ఏ అవసరమూ లేకుండా ఉంచుకుంటే పుణ్యం తరిగిపోతుందని హెచ్చరించారు. అంటే నిషేధానికి పక్కనే అవసరం అనే తలుపు ఉంది. ఇంటి కాపలాకు కుక్కను ఉంచుకోవచ్చని ఎందరో పండితులు ఈ హదీసుల ఆధారంగానే చెప్పారు. గొర్రెను కాపాడే కుక్కకు చోటున్నప్పుడు, మనిషిని కాపాడే కుక్కకు చోటు లేదనడం ఏ తర్కం? దేవదూతలు ప్రవేశించరన్న హదీసు కూడా అనుమతి ఉన్న కుక్కలకు వర్తించదని కొందరు పండితులు వివరించారు. కుక్కను పోలిన చర్చ పిల్లి విషయంలో అసలే లేదు. అది అపవిత్రం కాదని హదీసు ఉంది. పిల్లిని ఆకలితో మాడ్చి చంపిన స్త్రీ నరకం పాలైందని, దప్పికతో నాలుక వేలాడేసిన కుక్కకు బావి నీళ్ళు తోడిపోసిన మనిషికి క్షమాపణ లభించిందని మనం పిల్లలకు చెప్పుకుంటూనే ఉన్నాం. గుహవాసుల కథలో వాకిట కాళ్ళు చాపి పడుకున్న కుక్కను ఖురాన్ ప్రస్తావించకుండా వదలలేదు.

శుభ్రత విషయానికి వస్తే, మన ప్రాంతంలో ఎక్కువమంది అనుసరించే హనఫీ ఫిఖాలో ప్రబలమైన అభిప్రాయం ప్రకారం కుక్క లాలాజలం అపవిత్రం. పొడిగా ఉన్న ఒళ్ళు తగిలినంత మాత్రాన బట్ట పాడైపోదు. హైదరాబాదులో బార్కాస్ అరబ్బుల వంటి షాఫయీలకు నియమం ఇంకా కఠినం. మాలికీలు కుక్కను శుద్ధమైన జంతువుల్లోనే లెక్కపెట్టారు. ఎవరి మార్గం ఏదైనా, అపవిత్రం తగిలిన చోటును కడిగితే శుద్ధి అవుతుందన్నది అందరూ అంగీకరించే మాట. కిరాయిదారు ఖాళీ చేశాక నేల కడిగించి, తివాచీ మార్పిస్తే ఆ ఇంట్లో నమాజుకు అడ్డేముంది? పైగా కిరాయికి ఇచ్చినన్నాళ్ళూ ఆ ఇంటి వాడకం హక్కు కిరాయిదారుది. లోపల వారు వండుకునేది మనం తినేది కాకపోయినా మనం పొయ్యి ఆర్పడం లేదు కదా! ఆ మహిళ ముస్లిం కాదు. మన నియమాలు ఆమెపై రుద్దే అధికారం మనకు ఎవరిచ్చారు?

మన సమాజానికి ఇది కొత్త చర్చ కూడా కాదు. బ్రిటన్‌లోని లెస్టర్ నగరంలో 2008లో పద్దెనిమిదేళ్ళ అంధ ముస్లిం యువకుడికి దారి చూపే కుక్కతో మసీదుకు రావడానికి అక్కడి ధార్మిక పెద్దలు ఆలోచించి వీలు కల్పించారు. కుక్కకు ప్రార్థన హాలు బయట వేరే చోటు ఏర్పాటు చేశారు. ఆ కుర్రవాడు తనంతట తాను మసీదుకు నడిచి వచ్చాడు. మసీదు పెద్దలకే దారి దొరికినప్పుడు ఇల్లు అద్దెకిచ్చే మనకు దొరకదా?

అసలు అడ్డు నజిస్ కాదని మా అనుమానం. ఆ మహిళ అంధురాలై ఉంటే పెద్దాయన ఇంత దూరం వచ్చి అడిగేవారు కాదేమో. మనసుకు జబ్బు అన్నది మనకు నమ్మబుద్ధి కాదు. కాలు విరిగితే చుట్టాలంతా పండ్లు పట్టుకుని వస్తారు. మనసు విరిగితే 'ఎవరో చేయించారు' అంటాం, దర్గాకు తీసుకువెళ్తాం, తాయెత్తు కట్టిస్తాం. అప్పటికీ తగ్గకపోతే పొరుగూరి డాక్టరు దగ్గరికి రాత్రిపూట ఎవరికీ తెలియకుండా వెళ్ళి వస్తాం. ఆడపిల్ల అయితే ఆ సంగతి పెళ్ళయ్యేదాకా నోరు దాటదు. బుర్ఖా మాటున ఎన్ని నిద్రలేని రాత్రులున్నాయో ఎవరు లెక్క పెట్టారు? అలాంటి ఇంట్లో పెరిగిన మనిషి అమెరికాలో యజమాని అయి, కిరాయిదారు ఉత్తరం చదివి, 'ఇదంతా కుక్కను పెంచుకోవడానికి నాటకం' అనుకోవడంలో ఆశ్చర్యం లేదు. కాని అనుకోవడం వేరు, దాన్నే తీర్పుగా రాసి పంపడం వేరు. చదువుకోసం వెళ్ళి, పరాయి దేశపు మంచులో ఒంటరిగా కుంగిపోయే మన పిల్లల్లోనూ రేపు ఎవరికైనా డాక్టరు ఇదే సలహా ఇవ్వవచ్చు. ఆ రోజు వాళ్ళ ఇంటి యజమాని ఎలా వినాలని కోరుకుంటాం?

నాటకాలు లేవని మేము అనడం లేదు. ఉన్నాయి. ఇంటర్నెట్‌లో కొంత సొమ్ము కడితే, రోగిని కళ్ళతో చూడకుండా ఉత్తరం ఇచ్చే దుకాణాలు వెలిశాయి. కుక్కకు గుర్తింపు కార్డు, రంగు చొక్కా అమ్ముతారు. అటువంటి నమోదు కార్యాలయం ఏదీ అమెరికా కేంద్ర ప్రభుత్వానికి లేదు కనుక ఆ కార్డుకు విలువ లేదు. 2018 జనవరిలో ఒక ప్రయాణికురాలు తన ఊరట కోసమంటూ నెమలిని వెంటబెట్టుకుని న్యూజెర్సీలోని నూయార్క్ విమానాశ్రయానికి వచ్చింది. విమాన సంస్థ దాన్ని ఎక్కించుకోలేదు. ఆ వార్త మన పత్రికల్లోనూ చదివి నవ్వుకున్నాం. ఇలాంటివి పెరిగిపోయి, ఊరట జంతువులను విమానాల్లో తప్పనిసరిగా రానివ్వనక్కరలేదని 2020 డిసెంబరులో అక్కడి రవాణా శాఖ నిబంధన మార్చింది. కాలిఫోర్నియాలో, కుక్క విషయంలో ఇలాంటి ఉత్తరం ఇచ్చే వైద్య నిపుణుడికి రోగితో కనీసం 30 రోజుల పరిచయం ఉండాలని 2022 నుంచి చట్టం అమలవుతోంది. దొంగ ఉత్తరం కొన్నవాడు యజమానిని మాత్రమే మోసగించడం లేదు. నిజమైన రోగి మాట నమ్మకుండా చేస్తున్నాడు. మన పిల్లల్లో ఎవరైనా పిల్లిని తెచ్చుకోవడానికి ఆ దుకాణం గడప తొక్కితే, అది అబద్ధపు సాక్ష్యం అని తల్లిదండ్రులే చెప్పాలి. అయితే దొంగ ఉత్తరాలున్నాయి గనుక అన్ని ఉత్తరాలూ దొంగవేనని యజమాని అనరాదు. ఉత్తరం రాసిన నిపుణుడి లైసెన్సు నిజమైనదా కాదా అన్నది చూసుకోవచ్చు. అది దబాయింపు కాదు, జాగ్రత్త.

ఇరుగుపొరుగు హక్కు ఒకటుంది. దాన్ని మరచిపోతే ఈ చర్చ అసంపూర్ణం. అమెరికాలోని అయోవా రాష్ట్రంలో ఒక కేసు నడిచింది. కుక్కల వల్ల తీవ్రమైన అలెర్జీ ఉన్న ఒక మహిళ, జంతువులు లేని భవనమని చూసుకుని అద్దెకు దిగింది. తర్వాత చేరిన యువకుడు డాక్టరు ఉత్తరంతో కుక్కను తెచ్చుకున్నాడు. యజమాని ఇద్దరినీ మెప్పించాలని వేర్వేరు మెట్లు వాడమన్నాడు, గాలి శుద్ధి చేసే యంత్రం పెట్టించాడు. ఆమె బాధ తగ్గలేదు. 2020లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు ఆమె పక్షాన తీర్పు చెప్పింది. ముందు వచ్చింది ఆమె, ఆమె బాధా నిజమైనదే, ఒప్పందంలో ఆమెకు ఇచ్చిన మాట ఉంది అన్నది ఆ తీర్పు సారం. ఆమెకు నెల కిరాయి నష్టపరిహారంగా ఇప్పించింది. అందరి భవనాలకూ ఇదే సూత్రమని కోర్టు అనలేదు, ఆ కేసు పరిస్థితులను బట్టి చెప్పింది. మా అభిప్రాయంలో ఆ యజమాని చెడ్డవాడు కాదు, శ్రమపడ్డవాడు. కాని ఊ అనడానికి ముందు పక్క వాటావారి కష్టాన్ని కూడా తూకంలో వేయవలసింది. కరిచే స్వభావం రుజువైన కుక్కను కూడా యజమాని కాదనవచ్చు. అయితే ఈ జాతి కుక్కలన్నీ కరుస్తాయన్న భయం చాలదు. ఈ కుక్క కరిచిందన్న ఆధారం కావాలి.

అమెరికా సంగతి అలా ఉంచి మన ఊళ్ళకు వద్దాం. ఇక్కడ ఇంటి యజమానికి ఇలాంటి చట్టం అడ్డులేదు. అందుకే హైదరాబాదు వీధుల్లో 'టు లెట్' బోర్డు కింద 'శాకాహారులకు మాత్రమే' అని నిస్సంకోచంగా రాస్తారు. ఫోనులో కిరాయి, నీళ్ళు, పార్కింగు అన్నీ కుదిరి, పేరు చెప్పగానే 'ఇప్పుడే వేరేవాళ్ళు అడ్వాన్సు ఇచ్చారండీ' అనే జవాబు వినని ముస్లిం కుటుంబం నగరంలో అరుదు. ఇల్లు కొనడానికి, అద్దెకు తీసుకోవడానికి ముస్లింలు పడుతున్న ఇబ్బందిని 2006లో సచార్ కమిటీ తన నివేదికలో ప్రస్తావించింది. అది చదివి మనం బాధపడ్డాం, వ్యాసాలు రాశాం. ఆ బాధ తెలిసినవారు మరొకరికి ఇల్లు కాదనేటప్పుడు కాస్త ఎక్కువ ఆలోచిస్తారని ఎవరైనా ఆశిస్తారు. టోలిచౌకిలో, మెహదీపట్నంలో మనవాళ్ళే యజమానులుగా ఉన్న ఎన్ని ఇళ్ళు 'ఒంటరి ఆడవాళ్ళకు ఇవ్వం', 'వీల్‌చైర్ అయితే మెట్ల దగ్గర ఇబ్బంది' అంటున్నాయో వాకబు చేస్తే తెలుస్తుంది.

మన దేశంలో 2016లో వికలాంగుల హక్కుల చట్టం వచ్చింది. మానసిక వ్యాధిని కూడా అది వైకల్యాల్లో చేర్చింది. తగిన సర్దుబాటు చేయాలన్న మాట అందులో ఉంది గాని, అద్దె ఇంట్లో సాయపడే జంతువు గురించి ప్రత్యేకమైన నిబంధన లేదు. భారత జంతు సంక్షేమ బోర్డు 2015లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం అపార్టుమెంటు సంఘాలు, సభ్యులందరూ ఒక్కటై ఓటు వేసినా సరే, కుక్కలను నిషేధించడానికి వీల్లేదు. అవి సంఘాలకు చెప్పిన మాటలు. ఇంటి యజమాని తన కిరాయి కాగితంలో ఏం రాసుకుంటాడన్నది వేరే సంగతి. అంటే ఇక్కడ అంతా యజమాని ఇష్టంపై ఆధారపడి ఉంది.

అందుచేత మేము కోరేది ఒకటే. అపార్టుమెంట్లలో మనవాళ్ళు కార్యదర్శులుగా, కోశాధికారులుగా చాలామంది ఉన్నారు. వచ్చే సర్వసభ్య సమావేశంలో నిబంధనలు రాసేటప్పుడు, 'వైకల్యం వల్ల జంతువు సాయం అవసరమైనవారికి మినహాయింపు' అనే ఒక్క వాక్యం చేర్చమని ప్రతిపాదించండి. లిఫ్టులో అలెర్జీ ఉన్నవారికి, కుక్కంటే భయపడే పిల్లలకు, వజూతో నమాజుకు దిగేవారికి ఇబ్బంది లేకుండా ఏ వేళలో ఏ లిఫ్టు అన్నది పక్కనే రాసుకోండి. కర్నూలు పెద్దాయన మాత్రం కుమారుడితో మాట్లాడి ఆ మహిళకు సరేనని రాయించానని మొన్న ఫోను చేశారు. తివాచీ సంగతి అడిగితే, ఆమే ముందుగా ప్రస్తావించిందని, పాడైతే మార్పిస్తానని రాసి ఇచ్చిందని చెప్పారు.